అత్తయ్య చదివించిన ప్రేమకథలు

మొన్న అత్తయ్య సంవత్సరీకాలకి తెనాలి వెళ్ళాం. భోజనాలయ్యాక అటక మీద సామాను దించుతూ ఒక రేకు పెట్టె తెరిచారు. కలరా ఉండలు, పాత కాగితం కలిసిన వాసన గది అంతా పరుచుకుంది. పెట్టె నిండా పుస్తకాలు, వారపత్రికల్లోంచి చించి కుట్టిన సీరియల్ బైండింగులు. బావ కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, అది ఒక్కొక్కటే తీసి చూస్తూ, "పిన్నీ, నాకు మంచి పాత ప్రేమకథలు నాలుగు చెప్పవా, ఏది ముందు చదవాలో కూడా చెప్పు" అంది. నోటికొచ్చినవి చెప్పాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అవన్నీ అత్తయ్య నాతో చదివించినవే. ఏ కథ ఎందుకు చదివించిందో చెప్పకుండా ఉత్త పేర్లు చెప్తే ఆ పిల్లకి ఏం తెలుస్తుంది? అందుకే కూర్చుని రాస్తున్నాను.

*

అత్తయ్య వాళ్ళది గంగానమ్మపేట. వేసవి సెలవులిచ్చారంటే నన్ను అక్కడ దింపేసేవారు. మావయ్య రైసు మిల్లులో గుమాస్తా, పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. మధ్యాహ్నం అంట్లు తోమడం అయిపోయి, వీధిలో ఎండకి కుక్క కూడా తిరగని వేళ, వెనక వసారాలో ఆడవాళ్ళు చేరేవారు. పక్కింటి మామ్మగారు, ఎదురింటి మాస్టారి భార్య, జాకెట్లు కుట్టే అక్క, ఇంకా ఎవరికి తీరికైతే వాళ్ళు. ఉత్తినే కూర్చునే మనుషులు కారు. ఏడాదికి సరిపడా చింతపండు ముందేసుకుని గింజలు తీసేవాళ్ళు, కందిపప్పు బాగుచేసేవాళ్ళు, వడియాలు పెట్టిన రోజైతే కాకుల కాపలా. చేతులు ఖాళీ లేవు కాబట్టి చదివి వినిపించే మనిషి కావాలి. కూడబలుక్కోకుండా చదవడం వచ్చినప్పటి నుంచీ ఆ పని నాదే.

చింతపండు గింజలు ఇత్తడి పళ్ళెంలో పడే చప్పుడు, రేడియో ఆపేసిన ఇంట్లో ఉండే నిశ్శబ్దం, మధ్యలో ఎవరో ఒకరు "అయ్యో పాపం" అనడం. అవి లేకుండా ఆ నవలలు నాకు గుర్తురావు. హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకున్నాడంటే మామ్మగారు "ఆ ముక్క వదిలేసి తర్వాత పేరా చదవ్వే" అనేవారు. అత్తయ్య ఒప్పుకునేది కాదు, "చదవనీండి పిన్నిగారూ, కథంతా అక్కడే ఉంటుంది" అనేది.

కథ ఎంత రసపట్టులో ఉన్నా ఆవిడ ఒక ప్రశ్న అడిగేది. చేతిలో చింతపండు అలాగే పట్టుకుని, "ఇంతకీ ఆ పిల్లని ఎవరైనా అడిగారా?" అని. పెళ్ళి కుదిర్చారు సరే, ఆ పిల్లని అడిగారా? అతను త్యాగం చేసి వెళ్ళిపోయాడు సరే, వెళ్ళేముందు ఆ పిల్లని అడిగాడా? తాను చదివిన ప్రేమకథలన్నిటినీ ఆవిడ ఆ ఒక్క ప్రశ్నతోనే జల్లెడ పట్టింది. పెద్ద చదువులు చదివి, సాహిత్యం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళని తర్వాత చాలామందిని విన్నాను. ఇంత సూటిగా కథని పట్టుకున్నవాళ్ళు నాకు కనపడలేదు.

*

సీరియల్ బైండింగ్ అంటే ఇప్పటి పిల్లలకి తెలీదు కాబట్టి చెప్తాను. వారపత్రిక ఇంటికొస్తే ముందు చదివే హక్కు అత్తయ్యది, తర్వాత వీధిలో నాలుగిళ్ళు తిరిగి, నలిగి, పప్పు మరకలతో తిరిగొచ్చేది. అప్పుడు సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, ఇస్త్రీపెట్టె బరువు పెట్టి ఉంచేది. సీరియల్ అయిపోయాక దబ్బనంతో మూడు చోట్ల కన్నాలు పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టి, మైదా ఉడికించిన జిగురుతో పాత క్యాలెండర్ అట్ట అంటించేది. లోపల బాపు బొమ్మ, కథ పేరు ఆయన అక్షరాల్లోనే. ప్రతి వారం చివరి పేజీ వెనకాల ఏదో ఒకటి ఉండి తీరేది, సగం కోసుకుపోయిన వారఫలాలో, బనియన్ల ప్రకటనో. హీరోయిన్ ఏడుస్తూ తలుపేసుకున్న పేజీ తిప్పగానే కన్యారాశివారికి ధనలాభం. మాకది కథలో భాగమైపోయింది.

అలా కుట్టినవాటిల్లో బాగా అరిగిపోయింది యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'. 1960లలో జ్యోతి మాసపత్రికలో వచ్చింది. నేను చదవడం మొదలుపెట్టేనాటికే దాని అంచులు బెల్లం రంగుకి తిరిగాయి. వసారాలో కూర్చున్న అందరికీ రాజశేఖరం కావాలి. పొడుగ్గా ఉంటాడు, కారుంటుంది, ఎక్కువ మాట్లాడడు. అత్తయ్య మాత్రం జయంతి కోసం చదివేది. డబ్బులేని ఇంటి పిల్ల, ఉద్యోగానికి వస్తుంది, తన ఎదురుగా ఎంతటివాడు నిలబడ్డా తన మాట తను చెప్తుంది. ఆ రోజుల్లో ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్ళడమే ఒక పెద్ద సంగతి, అలాంటిది యజమాని ముందు తలెత్తుకు మాట్లాడే పిల్లని ఇంటింటికీ పరిచయం చేసింది ఆ నవల. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా తీశారు. కానీ ముందు నవల చదవండి. ఆ తర్వాత 'మీనా'. డబ్బూ హోదా తప్ప ఇంకోటి పట్టని తల్లి చేతిలో పెరిగిన పిల్ల, తండ్రి వైపు వాళ్ళ పల్లెకి వెళ్ళి తనకేం కావాలో తెలుసుకుంటుంది. విజయనిర్మలగారి దర్శకత్వంలో 1973లో సినిమాగా కూడా వచ్చింది.

ఈ నవలలని చాలామంది తేలిగ్గా మాట్లాడతారు, కలల్లో తేలించే కథలని. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. పగలంతా చాకిరీ చేసే ఆడవాళ్ళు ఒక పూట తమకోసం అట్టేపెట్టుకున్నారంటే ఆ పుస్తకాల పుణ్యమే. 2018లో సులోచనారాణిగారు కాలిఫోర్నియాలో పోయారని తెలిసిన రోజు అత్తయ్య నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కాజ ఊరి పిల్లే, మన పక్క కృష్ణా జిల్లానే" అంది, సొంత చెల్లెలి గురించి చెప్పినట్టు.

కోడూరి కౌసల్యాదేవిగారివి కూడా పెట్టెలో ఉన్నాయి. 'ప్రేమనగర్' సంగతి చెప్పక్కర్లేదు, 1971 సినిమా వల్ల అందరికీ తెలుసు. 'చక్రభ్రమణం' చదవండి, 'డాక్టర్ చక్రవర్తి' సినిమాకి మూలం అదే.

*

శరత్ బాబు, అంటే శరత్‌చంద్ర ఛటర్జీ, పుస్తకాలు వేరే అరలో ఉండేవి, దేవుడి గదికి ఆనుకుని ఉన్న అలమరలో. శరత్ బెంగాలీవాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వసారాలో ఎవరూ ఆ సంగతి పట్టించుకునేవాళ్ళు కాదు. 'దేవదాసు'ని తెలుగులోకి తెచ్చిన చక్రపాణి మా తెనాలివాడే కాబట్టి కథ కూడా మాదే అన్నట్టుండేది.

1953 సినిమా చూసి దేవదాసంటే తాగుడూ దగ్గూ అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, 1917లో అచ్చయిన ఆ నవల తెరిచి పార్వతి రాత్రిపూట దేవదాసు గదికి వెళ్ళే ఘట్టం చదవండి. పదమూడేళ్ళ పిల్ల. పెళ్ళి సంబంధం కుదిరిపోతోంది. పెద్దలెవరూ తనని అడగరని తెలుసు. అందుకని తనే చీకట్లో నడిచి వెళ్ళి, పనివాళ్ళు చూస్తారన్న భయం కూడా పక్కన పెట్టి, అతన్ని అడుగుతుంది. అతనే నీళ్ళు నమిలాడు. ఆ ఘట్టం చదువుతుంటే అత్తయ్య ఎప్పుడూ చింతపండు పక్కన పెట్టేసేది. "అడగనిది లోకం, అడిగింది ఆ పిల్ల, జవాబు చెప్పలేనిది వాడు. ఇంక వాడు తాగితేనేం, తాగకపోతేనేం" అనేది.

అత్తయ్యకి దేవదాసు మీద జాలి లేదు. నాకు మాత్రం ఉంది, చిన్నప్పుడూ ఉంది ఇప్పుడూ ఉంది. ఆ విషయంలో ఇద్దరం ఎన్నోసార్లు వాదించుకున్నాం.

*

విశ్వనాథ సత్యనారాయణగారి 'ఏకవీర' చదవడానికి నాకు కాస్త వయసు రావాల్సి వచ్చింది, భాష గట్టిది. మధుర, వైగై నది, నాయకరాజుల కాలం. ఇద్దరు ప్రాణస్నేహితులు. కుట్టాన్ ప్రేమించిన మీనాక్షి వీరభూపతికి భార్య అవుతుంది, వీరభూపతి ప్రేమించిన ఏకవీర కుట్టాన్ ఇంటికి వస్తుంది. నాలుగు మంచి మనసులు, ఒక్కరూ దుర్మార్గులు కారు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు ఎలా జరిగేవో అలా జరిగాయి, అంతే. మన భాషలో ప్రేమ గురించి రాసిన వాటిలో ఇంతగా గుండె పిండేసే పుస్తకం నాకు ఇంకొకటి దొరకలేదు. పోనుపోను కుట్టాన్‌కి తన భార్య మీద ప్రేమ పుట్టడం మొదలవుతుంది చూడండి, అక్కడి నుంచీ ఒక్కో పేజీ తిప్పడానికి భయమేస్తుంది.

అది చదివిన సాయంత్రమే, పెరట్లో మల్లెమొగ్గలు కోస్తున్నప్పుడు, అత్తయ్యని అడిగేశాను. "మరి నిన్ను అడిగారా?" అని. ఆవిడ పదిహేనో ఏట కాపురానికి వచ్చింది. కోపం వస్తుందేమో అనుకున్నాను. కోస్తున్న మొగ్గ కోసి, కొంగులో వేసుకుని, "నన్ను అడగలేదు. మీ మావయ్యనీ ఎవరూ అడగలేదుట. వచ్చిన కొత్తలోనే చెప్పారు. ఆ ఒక్క మాట చెప్పారు కాబట్టే నాకు ఆయనంటే ఇష్టం కలిగింది" అంది.

మావయ్య జన్మలో నవల చదవలేదు. కానీ వారపత్రిక వచ్చే రోజు రైల్వే స్టేషన్ దాకా వెళ్ళి, కట్టలు విప్పుతుండగానే ఒకటి కొని, సైకిల్ క్యారియర్‌కి పెట్టుకుని తెచ్చేవాడు. వర్షం పడితే చొక్కా లోపల పెట్టుకునేవాడు. ఆయన తడిసిపోయి వచ్చేవాడు, పత్రికకి చుక్క తగిలేది కాదు. ఇది కూడా నా ప్రేమకథల జాబితాలో ఉంది, ఎక్కడా అచ్చు కాలేదు గానీ.

*

బోసు రోడ్డు పక్క సందులో అద్దె పుస్తకాల కొట్టు ఒకటుండేది. ఇరుకు గది, నేల నుంచి కప్పు దాకా బల్లలు, పుస్తకాలన్నిటికీ ఖాకీ అట్టలు, వీపు మీద సిరాతో నంబరు. డిపాజిట్ కట్టాలి, రోజుకి పది పైసలు, కొత్త నవలకి పావలా. మార్జిన్లలో ముందు చదివినవాళ్ళ రాతలు: "సూపర్", "హీరో రాక్షసుడు", ఒక్కోసారి మధ్యలోనే "చివరికి వీళ్ళిద్దరికీ పెళ్ళవుతుంది". కొట్టాయన ముఖం చూసి పుస్తకం ఇచ్చేవాడు. పరీక్షలు తప్పిన కుర్రాడికి డిటెక్టివ్, కొత్తగా పెళ్ళైన అమ్మాయికి నవ్వించే నవల. చలం 'మైదానం' బల్ల కింద ఉండేది, అడిగినవాళ్ళకే ఇచ్చేవాడు. నేను కాలేజీకి వచ్చాక అడిగితే, "మీ అత్తయ్యగారికి చెప్పి తీసుకెళ్ళమ్మా" అన్నాడు. చెప్పాను. అత్తయ్యే వచ్చి తీసిచ్చింది.

1927 నాటి పుస్తకం. భర్తని వదిలి రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోయి, ఊరికి దూరంగా బయల్లో బతుకుతుంది, తన కథ తనే చెప్తుంది. చలం కూడా చిన్నతనం తెనాల్లో గడిపినవాడే. ఆయన్ని తిట్టినంతగా ఇంకే రచయితనీ తిట్టలేదు మనవాళ్ళు. 1950లో అరుణాచలం వెళ్ళిపోయి 1979లో అక్కడే కన్నుమూశాడు. నేను మైదానం ఒక్క రాత్రిలో చదివాను. ఇసుక, చింతచెట్లు, నీళ్ళు, ఎండ, అన్నీ ఒంటికి తగిలినట్టే ఉంటాయి. రాజేశ్వరి వెళ్ళడం ఒప్పా తప్పా అని మామ్మగారు రెండు మధ్యాహ్నాలు తగువాడారు. అత్తయ్యకి వెళ్ళడంలో పేచీ లేదు. వెళ్ళిన తర్వాత అమీర్ కూడా ఆమె మనసులో ఏముందో కనుక్కోవడం మానేశాడని ఆవిడ బాధ. నేను ఇప్పటికీ ఆ పుస్తకాన్ని అందరికీ ఇవ్వను. దాంతో పోట్లాడే ఓపిక ఉన్నవాళ్ళు మాత్రం తప్పకుండా చదవాలి.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' కూడా ఆ కొట్లో తీసుకున్నదే. దయానిధి ఎవరినీ పూర్తిగా ప్రేమించలేడు, తల్లి గురించి లోకం అనే మాటలు వాడి వెంటే తిరుగుతుంటాయి. కోమలి కన్నా నాకు అమృతం ఎక్కువ గుర్తుండిపోయింది. ముప్ఫై దాటాక చదివితే ఇంకా బాగుంటుంది.

*

ఒక్కటే కథ చదివే టైముందంటే, పాలగుమ్మి పద్మరాజుగారి 'పడవ ప్రయాణం' చదవండి. 1952లో ప్రపంచ కథల పోటీలో ఆయన 'గాలివాన'కి రెండో బహుమతి వచ్చిందని అందరికీ తెలుసు, ఈ కథ దానికేం తీసిపోదు. చీకటి పడే వేళ కాలవ మీద పడవ. రంగీ పద్దాలూ ఎక్కుతారు. వాడు దొంగ, తాగుబోతు, ఇంకో ఆడదాని దగ్గరికి వెళ్ళే మనిషి. తెల్లారేసరికి పడవలో సరుకూ లేదు వాడూ లేడు, రంగి ఉంది. అంత కష్టపెట్టినవాణ్ణి ఎందుకు వదలదో తన మాటల్లో చెప్తుంది. తీర్పు చెప్పే పని పద్మరాజుగారు పెట్టుకోలేదు.

తెనాలి నిండా కాలవలే కదా. గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే పడవ కదలడం, రాత్రి ఎవరో పాడే పాట నీళ్ళ మీదుగా రావడం అత్తయ్య చిన్నప్పుడు చూసిందిట. ఈ కథ దగ్గర ఆవిడ ప్రశ్న ఆవిడకే అడ్డం తిరిగింది. రంగిని ఎవరూ బలవంతపెట్టలేదు. కావాలనే ఉంది. "ఇష్టపడే పడుతోంది ఆ కష్టం. దాన్నేమనాలో నాకు తెలీట్లేదే" అని చింతపండు పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

విశాలాంధ్రవాళ్ళ పుస్తకాల వ్యాను వచ్చిందంటే పండగే. రష్యన్ పుస్తకాలు, మాస్కోలో తెలుగులో అచ్చయినవి, గట్టి అట్టలు, నున్నటి కాగితం, తెరవగానే ఒకరకం జిగురు వాసన. ధర చూస్తే నమ్మబుద్ధి అయ్యేది కాదు, కూరగాయలకిచ్చిన డబ్బుల్లో మిగిల్చి కొనుక్కోవచ్చు. అక్కడ దొరికిందే చింగీజ్ ఐత్‌మాతవ్ 'జమీల్యా'.

కిర్గిజ్ పల్లె. యుద్ధం నడుస్తోంది, మగవాళ్ళంతా సరిహద్దులో. జమీల్యా, గాయపడి తిరిగొచ్చిన దనియార్, ఆమె మరిది వరసయ్యే కుర్రాడు, ముగ్గురూ ధాన్యం బస్తాలు బళ్ళ మీద స్టేషనుకి చేరవేస్తుంటారు. కథ చెప్పేది ఆ కుర్రాడే. దనియార్ ఎవరితోనూ మాట్లాడడు, రాత్రి ఖాళీ బళ్ళతో తిరిగొస్తుంటే పాడతాడు. ఆ పాటలో మాటలు దాదాపు ఉండవు, ఐత్‌మాతవ్ కూడా పాట రాయలేదు, విన్నవాళ్ళకి ఏమైందో రాశాడు. ఫ్రెంచి కవి లూయీ అరగాఁ దీన్ని ప్రపంచంలోకెల్లా అందమైన ప్రేమకథ అన్నాడు. 1958లో మొదట వచ్చింది, వంద పేజీలకి అటూ ఇటూ.

దాంతో పాటు ఉప్పల లక్ష్మణరావుగారి 'అతడు-ఆమె' కూడా చదివితే మంచిది. మొగుడూ పెళ్ళాల డైరీలు, అతను రాసింది, ఆమె రాసింది. పెళ్ళయ్యాక కూడా ప్రేమకథ ఉంటుందని, అందులో ఆడమనిషికి సొంత ఆలోచన ఉంటుందని అంత బాగా చెప్పిన తెలుగు నవలలు తక్కువ.

యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల' వచ్చేనాటికి వసారా ఖాళీ అయిపోయింది. మామ్మగారు పోయారు, కుట్టు మిషను అక్క కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది, మధ్యాహ్నాలు టీవీ వచ్చింది. చదరంగం ఆడే కుర్రాడు ఫోన్లో గొంతు విని ఒక అమ్మాయి కోసం వెతుక్కుంటూ పోయే కథ అది. నేనూ అత్తయ్యా ఉత్తరాల్లో దాని గురించి తెగ రాసుకున్నాం.

చివరి రోజుల్లో ఆవిడకి చూపు మందగించింది. సాయంత్రాలు ఫోన్ స్పీకర్లో పెట్టి నేను ఇక్కడి నుంచి చదివేదాన్ని. ఎక్కువగా జమీల్యానే అడిగేది, పాట భాగం మళ్ళీ మళ్ళీ. ఒకరోజు నేనన్నాను, "ఎంతైనా మొగుడు యుద్ధంలో ఉన్నాడు, వదిలేసి వెళ్ళిపోవడం అన్యాయం కాదా అత్తయ్యా?" అని. "వాడి ఉత్తరం మళ్ళీ చదువు" అంది. వెనక్కి తిప్పి చదివాను. సరిహద్దు నుంచి రాసిన ఉత్తరంలో పెద్దలందరినీ, బంధువులందరినీ వరస తప్పకుండా పేరుపేరునా అడుగుతాడు. అంతా అయిపోయి, ఇంక సంతకం పెట్టే ముందు, భార్యకి ఒక్క ముక్క. అన్నిసార్లు చదివిన నాకు తట్టలేదు, కళ్ళు కనపడని మనిషి చెవితో పట్టుకుంది.

"చూశావా, ఊరందరినీ అడిగాడు" అంది.

మీరు చదివేటప్పుడు ఆ ఉత్తరం దగ్గర గబగబా దాటిపోకండి.